వేరుసెనగ గింజ - పసివారి శ్వాసమార్గం: అనంతపురం తల్లిదండ్రులకు అవసరమైన ప్రథమ చికిత్స

ఉపోద్ఘాతం:

ఏడాదికి సగటున 550 మి.మీ.కు అటూఇటూగా మాత్రమే వర్షం కురిసే అనంతపురం పీఠభూమిలో మెట్టరైతుకు ప్రధానాధారం వేరుసెనగ. స్థానిక వ్యవహారంలో ఇది ‘సెనక్కాయ’. తొలకరికి ముందు విత్తనం కోసం కాయలు ఒలిచేటప్పుడు, పంట ఇంటికి చేరాక ఆరబోసేటప్పుడు పసిపిల్లలు ఆ గింజల నడుమే ఆడుకుంటారు. పుష్టినిచ్చే ఈ గింజే గొంతుకు అడ్డుపడితే ప్రాణాంతకం కాగలదు. ఆ ప్రమాదాన్ని గుర్తించే తీరును, తల్లిదండ్రులు తక్షణం చేయవలసిన ప్రథమ చికిత్సను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పొలమారడం - ఊపిరాడకపోవడం:

బిడ్డకు పొలమారితే “ఎవరో తలచుకుంటున్నారు” అంటూ మాడుపై తట్టడం తెలుగిళ్లలో పరిపాటి. బిడ్డ గట్టిగా దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే గాలి ఆడుతున్నదనే అర్థం. అప్పుడు దగ్గనివ్వడమే సరైన చికిత్స. దగ్గు వినబడకుండా పోయి, ఏడుపు పెగలక, పెదవులు నీలిబారితే శ్వాసమార్గం మూసుకుపోయిందని గ్రహించాలి. నాలుగైదు నిమిషాలు ప్రాణవాయువు అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 2005 నుంచి 108 అంబులెన్సు సేవ అందుబాటులో ఉన్నా, అది పల్లెకు చేరేలోగా బిడ్డను కాపాడవలసింది పక్కనున్నవారే.

తక్షణ చికిత్స:

1. ఏడాదిలోపు శిశువును ముంజేతిపై బోర్లా, తల కిందికి ఉండేట్లు పడుకోబెట్టి, దవడను వేళ్లతో ఆనించి పట్టుకోవాలి. రెండు భుజాల ఎముకల నడుమ అరచేతి మణికట్టు భాగంతో ఐదుసార్లు చరచాలి. గింజ రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము మధ్య ఎముక కింది సగంపై ఐదుసార్లు నొక్కాలి. శిశువు పొట్టను నొక్కరాదు.

2. ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి వీపుపై ఐదుసార్లు చరచాలి. ఫలితం లేకపోతే వెనుక మోకరిల్లి, బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు దిగువన పిడికిలి ఉంచి, రెండో చేత్తో దాన్ని పట్టుకొని లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి.

3. గింజ బయటపడేవరకు లేదా బిడ్డ స్పృహ తప్పేవరకు ఈ రెండింటినీ మార్చిమార్చి చేయాలి. ఈలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి.

4. స్పృహ తప్పితే గట్టి నేలపై పడుకోబెట్టి, 30 సార్లు ఛాతీ నొక్కి, నోట్లో కనిపించే గింజ ఉంటే తీసి, రెండుసార్లు నోటితో ఊపిరి ఊదాలి. సహాయం అందేవరకు ఇదే కొనసాగించాలి.

కనబడని గింజ కోసం గొంతులో వేలు పెట్టడం, నీళ్లు తాగించడం, అన్నంముద్ద మింగించడం చేయరాదు. ఇవి గింజను మరింత లోపలికి నెట్టవచ్చు.

దగ్గు తగ్గాక దాగే ప్రమాదం:

కొన్నిసార్లు దగ్గు దానంతటదే ఆగి బిడ్డ మామూలుగా ఆడుకుంటుంది. గింజ కడుపులోకి పోయిందని పెద్దలు ఊరడిల్లుతారు. కానీ అది శ్వాసనాళంలో, ఎక్కువగా కుడి శాఖలో నిలిచిపోవచ్చు. అక్కడ తేమకు ఉబ్బుతుంది; దానిలోని నూనె చుట్టూ వాపు కలిగిస్తుంది. కొన్ని రోజులకో వారాలకో పిల్లికూతలు, జ్వరం, తగ్గని దగ్గు మొదలై ఉబ్బసంగానో న్యుమోనియాగానో కనిపిస్తాయి. గింజ ఎక్స్‌రేలో సాధారణంగా కనబడదు. అందువల్ల “ఆరోజు సెనక్కాయలు తింటూ పొలమారింది” అని తల్లి చెప్పే మాటే వైద్యునికి ముఖ్యాధారం. శ్వాసనాళంలోకి గొట్టం పంపి చూసే బ్రాంకోస్కోపీ ద్వారా గింజను తీస్తారు. పొట్ట నొక్కి గింజ తీసిన బిడ్డను కూడా వైద్యునికి చూపించాలి.

ముగింపు:

వేరుసెనగను పిల్లలకు దూరం చేయనవసరం లేదు. ఐదేళ్లు నిండేవరకు గింజగా, పలుకులుగా కాక మెత్తని పొడిగా, బెల్లంతో నూరిన ముద్దగా పెట్టాలి, కూర్చోబెట్టి తినిపించాలి. దగ్గే బిడ్డ కన్నా దగ్గలేని బిడ్డకు ప్రమాదం ఎక్కువ. పొలమారిన తరువాత వచ్చే నెమ్మదిని కూడా వెంటనే నమ్మరాదు. ఈ రెండు విషయాలు కాయలు ఒలిచే ప్రతి ఇంట తెలిసి ఉండాలి.