ఏఎల్‌ఎస్ కొత్త మందు: అనుమతి వచ్చిందంటే పనిచేసినట్టేనా?

ఏఎల్‌ఎస్‌కి కొత్త మందు వచ్చిందన్న వార్త వినగానే రోగి ఇంట్లో ఒక నమ్మకం పుడుతుంది. అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకుందంటే మందు పనిచేస్తుందనే కదా అని. ఇది అపోహ అని చెప్పడానికి మనసొప్పదు. కండరాలను కదిలించే నరాల కణాలు చచ్చిపోతూ ఉంటే చెయ్యి, కాలు, మాట, మింగుడు, చివరికి ఊపిరి కూడా చేజారే జబ్బు ఇది. చాలామందికి మిగిలేది రెండు నుంచి ఐదేళ్లు. 1995లో అనుమతి పొందిన రిలుజోల్ అనే మందు ట్రయల్స్‌లో ఆయుష్షును పెంచింది రెండు మూడు నెలలే. ఇలాంటి చోట మనిషి ఆశపడకుండా ఎలా ఉంటాడు? అయినా చెప్పక తప్పదు. మందు పనిచేసినట్టు కనిపించడం వేరు, పనిచేయడం వేరు. ఏఎల్‌ఎస్‌లో ఈ రెంటినీ విడదీయడం మిగతా జబ్బుల్లో కంటే కష్టం.

రెలివ్రియో అనే ఏఎల్‌ఎస్ మందు సంగతే చూడండి. అది చేదు పొడి. పొట్లం చించి నీళ్లలో కలిపి, గంటలోపు తాగేయాల్సి వచ్చేది. 137 మందిపై 24 వారాలు జరిగిన ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. రోగి పరిస్థితిని పన్నెండు అంశాల్లో, 48 మార్కులకు కొలుస్తారు. చేతిరాతనే తీసుకుంటే, వంకరగా ఉన్నా ప్రతి మాటా చదవగలిగితే 3, కొన్ని మాటలు అర్థం కాకపోతే 2, కలం పట్టుకోగలిగినా రాయలేకపోతే 1. మందు తీసుకున్నవాళ్లు ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే సగటున 2.32 మార్కులు ముందున్నారు. చేతిరాత ఒక మెట్టు, మెట్లెక్కడం ఒక మెట్టు నిలబడితే ఆ ఇంటికి అదెంతో విలువైనదే. ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ 2022 మార్చిలో 6-4తో ఆధారం చాలదంది, సెప్టెంబర్‌లో 7-2తో అనుమతి వైపు మొగ్గింది. అదే నెలలో అనుమతి వచ్చింది. ఏడాదికి ధర సుమారు 1,58,000 డాలర్లు ఉండేది. ఆ తర్వాత 664 మందిపై 48 వారాలు జరిగిన పెద్ద ట్రయల్ ఫలితం 2024 మార్చిలో వెలువడింది. మందుకూ ఉత్తుత్తి మందుకూ తేడా లేదు. ముందే ఇచ్చిన మాట ప్రకారం తయారీ సంస్థ ఏప్రిల్‌లో మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది.

మొదటి ట్రయల్‌లో మోసం జరిగిందా? లేదు. చిక్కంతా జబ్బు నడకలో ఉంది. ఏఎల్‌ఎస్ ఒకరిని ఏడాదిలో తీసుకుపోతుంది, ఇంకొకరితో పదేళ్లు నడుస్తుంది. 1963లో జబ్బు బయటపడిన స్టీఫెన్ హాకింగ్ 2018 దాకా జీవించారు. 137 మందిలో ఉత్తుత్తి మందు అందుకున్నది 48 మందే. అంత చిన్న గుంపులో నెమ్మదిగా నడిచే జబ్బున్న నలుగురు అటో ఇటో పడితే లెక్క తారుమారైపోతుంది. 2008లో లిథియం విషయంలోనూ ఇదే జరిగింది. ఇటలీలో లిథియం తీసుకున్న 16 మందిలో 15 నెలల్లో ఒక్కరూ చనిపోలేదని తేలగానే, చాలామంది రోగులు సొంతంగా మందు సంపాదించి వాడారు. తర్వాతి ట్రయల్స్‌లో ఏ మేలూ కనిపించలేదు. 'ఫలానా మందు వాడితే మావాడికి జబ్బు ఆగిపోయింది' అన్న మాట మన ఊళ్లలోనూ వినిపిస్తుంది. అది అబద్ధం కానక్కర్లేదు. మన దేశంలో కుర్రవాళ్ల చేతిని పట్టుకునే హిరయామా వ్యాధి పైకి ఏఎల్‌ఎస్‌లాగే కనిపిస్తుంది, కొన్నేళ్లకు దానంతటదే ఆగిపోతుంది. ఆ సమయానికి చేతిలో ఏ మందుంటే పేరు దానికి దక్కుతుంది.

'చావు దగ్గరపడుతున్నవాడికి ఇంకా పోయేదేముంది? వాడి చూడనివ్వండి' అనే వాదనను నేను తేలిగ్గా తీసుకోలేను. కానీ పోయేది ఉంది. మినోసైక్లిన్ అనే మామూలు యాంటీబయాటిక్ ఎలుకల్లో ఆశ రేపింది. 412 మంది రోగులపై జరిపిన ట్రయల్ ఫలితం 2007లో వచ్చింది. మందు తీసుకున్నవాళ్లు 25 శాతం ఎక్కువ వేగంతో క్షీణించారు. పోల్చి చూసేందుకు ఉత్తుత్తి మందు గుంపు లేకపోతే ఆ నష్టాన్ని జబ్బు ఖాతాలోనే రాసుకునేవాళ్లం. ఉత్తుత్తి మందు ఇవ్వడం క్రూరం అనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అయితే వాళ్ల బాధలో ఒక నిజముంది. జబ్బు ముదిరినవాళ్లను ట్రయల్స్‌లో చేర్చుకోరు, గుమ్మం దగ్గరే ఆపేస్తారు. అది అన్యాయమే. దానికి మందును తొందరపడి అమ్మకానికి పెట్టడం పరిష్కారం కాదు. ట్రయల్‌లో చోటు దొరకనివాళ్లకు మందిస్తూనే వాళ్ల వివరాలు నమోదు చేయాలి. అమెరికా 2021 చివర్లో చట్టం చేసి నిధులు కేటాయించింది ఇందుకే.

ఒక మందు వస్తే అందరికీ పనికొస్తుందనుకోవడమూ పొరపాటే. 2023లో అనుమతి పొందిన టోఫెర్సెన్ ఎస్‌ఓడీ1 జన్యువులో లోపమున్నవాళ్లకు మాత్రమే. మొత్తం రోగుల్లో వాళ్లు సుమారు రెండు శాతం. దాన్ని వెన్నులోకి ఎక్కించాలి. జన్యుపరీక్ష చేయించకుండా ఆ మందు కోసం అప్పులు చేయకండి.

ఇక నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ, 'మందు వచ్చేదాకా చేసేదేమీ లేదు' అన్నది. 2006లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో 41 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మాస్కుతో ఊపిరి అందించే యంత్రం పెట్టారు. మన ఆసుపత్రుల్లో బైపాప్ అంటారే, ఆ తరహాది. మాట, మింగుడు మరీ దెబ్బతినని రోగుల్లో దానివల్ల ఆయుష్షు సుమారు 205 రోజులు పెరిగింది, నిద్ర కుదుటపడింది. రిలుజోల్ ఇచ్చినదానికంటే ఇది చాలా ఎక్కువ. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, తెల్లారి లేస్తూనే తలనొప్పి, పగలంతా మగత, వీటిలో ఏది కనిపించినా ఊపిరితిత్తుల పరీక్ష చేయమని ఆ వారమే న్యూరాలజిస్టును అడగండి.