మలేరియాను ఆకుల కషాయం తగ్గించగలదా? పరీక్షల్లో తేలిందేమిటి

మలేరియా జ్వరానికి మొక్కల కషాయాలు తాగడం ఆసియా, ఆఫ్రికా దేశాల్లో తరతరాల అలవాటు. వాటిలో శాస్త్రవేత్తల దృష్టిని అత్యధికంగా ఆకర్షించినది ఆర్టిమీసియా అన్యువా. వినాయక చవితి పత్రిలో కనిపించే మాచిపత్రి ఇదే ప్రజాతికి చెందినా, అది వేరే మొక్క. అన్యువా ఆకుల నుంచి మలేరియాను అణచే సారాన్ని 1971లో రాబట్టినందుకు చైనా శాస్త్రవేత్త తు యూయూకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. మందు ఆకులోనే ఉన్నప్పుడు మరిగించి తాగితే సరిపోదా అన్న సందేహం సహజమే.

ఆమె అనుభవంలోనే సగం సమాధానం ఉంది. వేడిచేసి తీసిన సారం నిలకడగా పనిచేయలేదు. 4వ శతాబ్దానికి చెందిన వైద్యుడు గె హాంగ్ మాత్రం ఆకును నీటిలో నానబెట్టి, పిండిన రసాన్ని తాగమన్నాడు. ఆ సూచనతో ఆమె తక్కువ ఉష్ణోగ్రతలో మరిగే ఈథర్‌ను వాడి ఫలితం సాధించారు. అందులోని ఆర్టిమిసినిన్ నీటిలో అంతంతమాత్రంగానే కరుగుతుంది.

ప్రయోగశాలలో కషాయాన్ని పరీక్షించే విధానం 1976 నుంచి అందుబాటులో ఉంది. మానవ ఎర్ర రక్తకణాల్లో ఫాల్సిపారం పరాన్నజీవిని 37 డిగ్రీల వద్ద పెంచి, వేర్వేరు గాఢతల్లో కషాయాన్ని కలుపుతారు. పరాన్నజీవి ఒక చక్రం పూర్తిచేసుకునే 48 గంటల తర్వాత ఎన్ని మిగిలాయో లెక్కిస్తారు. మనిషి కణాలకు హాని జరుగుతోందేమో కూడా చూడాలి. పరాన్నజీవిని చంపడం ఏ విషానికైనా సాధ్యమే కదా! అయితే గాజుపాత్రకు జీర్ణకోశం, కాలేయం లేవు. శరీరంలో ఆర్టిమిసినిన్ కొద్ది గంటల్లోనే తగ్గిపోతుంది.

అందుకే మనుషులపై పరీక్ష కీలకం. కాంగోలో రోగులపై జరిపిన ఒక అధ్యయనం 2004లో ప్రచురితమైంది. 7 రోజులు ఈ కషాయం తాగినవారిలో సగటున 74 శాతం మందికి, క్వినైన్ తీసుకున్నవారిలో 91 శాతం మందికి నయమైంది. ఆశాజనకంగా కనిపించిన ఈ ఫలితం నిలవలేదు. తర్వాతి వారాల్లో కషాయం తాగినవారిలో చాలామందికి వ్యాధి తిరగబెట్టింది. 5 గ్రాముల ఎండుటాకులతో కాచిన లీటరు కషాయంలో ఉన్న ఆర్టిమిసినిన్ 47 మిల్లీగ్రాములే. చికిత్సకు రోజూ వందల మిల్లీగ్రాములు కావాలి.

ఆకును బట్టి, కాచే తీరును బట్టి మోతాదు మారిపోవడం మరో చిక్కు. చాలీచాలని మోతాదుకు తట్టుకుని బతికిన పరాన్నజీవులు మందుకు లొంగని రకాలకు దారితీయవచ్చు. ఈ కారణాలతోనే మలేరియాకు ఆర్టిమీసియా కషాయాల వాడకాన్ని సమర్థించబోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టం చేసింది. ఆర్టిమిసినిన్ ఔషధాన్ని మరో మందుతో కలిపి, నిర్ణీత మోతాదులో ఇవ్వాలన్నది దాని సిఫార్సు.

కాంగో అధ్యయనంలో పాల్గొన్నది తీవ్రత లేని మలేరియా రోగులే. ఫాల్సిపారం మలేరియాకు 24 గంటల్లోగా చికిత్స అందకపోతే అది ప్రాణాంతకంగా మారే ప్రమాదం ఉంది.