పట్టుచీర వెనుక పచ్చని ఆకు

పెళ్ళి ముహూర్తాలు దగ్గర పడగానే మన బెజవాడ బీసెంట్ రోడ్డులో ధర్మవరం చీరలు తీయించి చూస్తాం. అంచు చూస్తాం, జరీ చూస్తాం, పోగును వేళ్ళ మధ్య నలిపి చూస్తాం. ఆ పోగు నాణ్యం ఎక్కడ మొదలవుతుందో తెలుసా? మగ్గం మీద కాదండీ, మల్బరీ తోటలో!

మనకు పరిచయమైన ఈ పట్టుపురుగు మేత మల్బరీ ఆకే. విడిగా నీళ్ళు తాగదు. ఆకలీ దాహమూ రెండూ ఆకుతోనే తీరాలి. పట్టు అంటే మాంసకృత్తులే. వాటిలో చాలా భాగం ఆకులోంచే రావాలి కనుక, ఆకులో సత్తువ లేకపోతే గూడు పలచబడుతుంది. మంచి బైవోల్టైన్ గూటి నుంచి కిలోమీటరు దాకా ఒకే పోగు వస్తుంది. నాసిరకం గూటి పోగు మాటిమాటికీ తెగుతుంది.

అన్ని వయసులకూ ఒకే ఆకు పనికిరాదు. గుడ్డు నుంచి వచ్చిన పసిపురుగులకు కొమ్మ చివరి లేతాకు సన్నగా తరిగి వేయాలి. అందులో నూటికి 80 పాళ్ళ దాకా నీరుంటుంది. పెద్ద పురుగులకు కాస్త ముదురాకు కావాలి. పురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. దీన్నే రైతులు ‘జ్వరం’ అంటారు. అప్పుడు మేత మానేయాలి. నాలుగో జ్వరం దాటాక వారం రోజుల్లోనే మొత్తం మేతలో 80 పాళ్ళకు పైగా తినేస్తుంది. ఇళ్ళలో అర్ధరాత్రి లేచి మేత వేసేది చాలామటుకు ఆడవాళ్ళే. ఆ వారంలో ఆకు వాడినా, పండినా నెల్లాళ్ళ చాకిరీ హిందూపురం మార్కెట్టు వేలంపాటలో తేలిపోతుంది.

మనం ఆకుకూరను చూసుకున్నట్టే ఈ ఆకునూ చూసుకోవాలి. చల్లని వేళ కోసి, తడి గోనెపట్టా కప్పాలి. కుప్పగా పోస్తే వేడెక్కి చెడుతుంది. దుమ్ము పడిన ఆకూ, తడి ఆరని ఆకూ పెడితే రోగాలు వస్తాయి.

మన డెల్టా సంగతి వేరు. నీరు నిలిచే నల్లమట్టి మల్బరీకి గిట్టదు; మురుగు పోయే మెరక కావాలి. పక్క వరిచేలో కొట్టిన పురుగుమందు గాలికి కొట్టుకొచ్చి ఆకుమీద పడినా, దగ్గర్లో పొగాకు తోట ఉన్నా పురుగులు గుంపులుగా చస్తాయి. మైసూరు పరిశోధన కేంద్రంలో రూపొందిన వి-1 రకం ఆకు పెద్దది, దళసరిది. కానీ ఎంత మంచి రకమైనా ఎరువూ నీరూ సక్రమంగా అందితేనే ఫలితం.

ఈసారి పట్టుచీర బేరమాడేటప్పుడు, నిద్ర మానుకుని ఆకు వేసిన ఆ తల్లిని కూడా ఒక్కసారి తలచుకోండి.