ముందు కార్బన్ల సంగతి అడగండి

ఎనిమిది స్క్రూలు విప్పేసరికి నా డ్రిల్ మిషన్ రెండు చిప్పలుగా విడిపోయింది. రుద్రారంలో హైవే పక్కన చిన్న వైండింగ్ షాపు అది. మెకానిక్ ఆర్మేచర్ బయటికి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడిన వార్నిష్ వాసన నాకూ కొట్టింది. తర్వాత కాయిల్ తీగను బ్లేడుతో గీకాడు. పైనున్న రాగి రంగు లేచిపోయి లోపల తెల్లగా మెరిసింది.

“రాగి కాదు సారూ, అల్యూమినియం. రంగొక్కటే రాగిది. దీనికి రాగి తీగ చుడితే కొత్తది కొన్నంత అయితది.”

కొని ఏడాదన్నా కాలేదు. కర్టెన్ రాడ్లకు, రెండు షెల్ఫులకు తప్ప వాడిందీ లేదు.

అదే బల్ల మీద ఏదో షెడ్డు నుంచి వచ్చిన గ్రైండర్ ఉంది. ఏళ్ల తరబడి చేతుల్లో నలిగి, మీద అక్షరాలన్నీ చెరిగిపోయాయి. రెండు పక్కలా ఉన్న చిన్న మూతలు తిప్పితే గోరంత మిగిలిన కార్బన్లు, అదే మోటారు బ్రష్‌లు, బయటపడ్డాయి. కొత్త జత పెట్టి స్విచ్ నొక్కాడు. నా చేతిలో టీ ఇంకా చల్లారనేలేదు, గ్రైండర్ గుయ్యిమంటూ లేచింది.

ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకోవాలనుకునే వాళ్లకు రుద్రారం చుట్టూ ఉన్న ఈ పారిశ్రామికవాడ మంచి బడి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం షెడ్లు, రుద్రారంలోనే ట్రాన్స్‌ఫార్మర్లు చేసే తోషిబా... ఇలాంటి చోట్ల చేసి రిటైరైన ఫిట్టర్లు కొందరు ఇంటి వెనక రేకుల కింద వైసు బిగించుకుని ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. వాళ్లతో షాపుకెళ్లి చూడండి. మనం డబ్బా మీద వాట్స్ చదువుతుంటాం. వాళ్లు మాత్రం “దీని కార్బన్లు, స్విచ్చు ఈడ దొరుకుతయా?” అని అడుగుతారు.

ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. వాట్స్ అంటే మిషన్ తీసుకునే కరెంటు, చేసే పని కాదు. నాసిరకం మోటారు కూడా ఆరువందల వాట్లు తింటుంది, సగం వేడిగా కక్కుతుంది. బ్లాక్ అండ్ డెకర్ 1917లో పిస్తోలు పిడి, ట్రిగ్గర్ ఉన్న డ్రిల్లుకు పేటెంట్ తెచ్చుకుంది. ఇవాళ్టి వైరు డ్రిల్లుదీ దాదాపు అదే రూపం, లోపల తిరిగేది కార్బన్ల మోటారే. కార్బన్ అరగడానికే పుట్టింది, కాబట్టి అది దొరకని మిషన్ కొనడమంటే టైరు దొరకని బండి కొన్నట్టే. బ్రష్‌లెస్ రకాలకు ఆ బాధ లేదు గానీ, లోపలి బోర్డు పోతే వైండింగ్ షాపులో కుదరదు, సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సిందే.

షాపులోనే చూసుకోగలిగినవి ఇంకా ఉన్నాయి. చక్‌లో సన్న బిట్టు బిగించి మెల్లగా తిప్పించండి. కొన ఒకేచోట చుక్కలా నిలవాలి, గుండ్రంగా సున్నా చుట్టకూడదు. చక్ పట్టుకుని పక్కకు ఊపితే లొడలొడలాడకూడదు. చౌక మిషన్లలో బేరింగ్ ఉండాల్సిన చోట ఉత్త బుష్ వేస్తారు, ఆ లొడలొడ తరచుగా దానిదే. బ్యాటరీవి కొనేటప్పుడు అంకెలకు మోసపోకండి. 18 వోల్టులది, 20 అని రాసింది, 21 అని రాసింది లోపల చూస్తే ఒకటే, ఐదు లిథియం సెల్స్ వరస. మామూలు వోల్టేజీ లెక్కిస్తే 18, నిండుగా ఛార్జ్ అయినప్పుడు లెక్కిస్తే 20, 21. కంపెనీ పేర్లూ మారుతుంటాయి. మనవాళ్లు ఇప్పటికీ హిటాచీ అనే పనిముట్లు 2018 నుంచి హైకోకి పేరుతో వస్తున్నాయి.

నిజం చెప్పాలంటే, నా డ్రిల్లు మాడటంలో నా వాటా కూడా ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మిషన్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాను గానీ, డాబా మీదికి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి, కాంక్రీటు మీద ఒళ్లంతా వేసి నొక్కింది నేనే. పొడవాటి సన్న వైరులో వోల్టేజీ పడిపోతుంది. బలవంతంగా నొక్కితే వేగమూ పడిపోతుంది. చల్లబరిచే ఫ్యాను ఆర్మేచర్ మీదే ఉంటుంది కాబట్టి వేగం తగ్గితే గాలీ తగ్గుతుంది, వేడి మాత్రం పెరుగుతుంది. “మిషన్‌ను ఊపిరి పీల్చుకోనియ్యాలె సారూ” అన్నాడు మెకానిక్. పని అయ్యాక అర నిమిషం ఖాళీగా తిప్పి ఆపమన్నాడు.

మొదట 13 మిల్లీమీటర్ల చక్ ఉన్న ఒక మంచి ఇంపాక్ట్ డ్రిల్, తర్వాత అవసరమైతే నాలుగంగుళాల గ్రైండర్. ఇంటికి ఇవి చాలు. ఇరవై సామాన్లున్న సూట్‌కేసు సెట్టు జోలికి పోవద్దు. సూట్‌కేసు ఒక్కటే మిగులుతుంది.

గ్రైండర్ దగ్గర మాత్రం మొహమాటం వద్దు. నాలుగంగుళాలది నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికని చేసిన చక్రం మీద తట్టుకోగల గరిష్ఠ వేగంగా 15,000 పైచిలుకు అంకె ఉంటుంది. ఏడంగుళాల చక్రం మీద ఉండేది 8,500. గార్డు తీసేసి పెద్ద చక్రమో, చెక్క కోసే పళ్ల బ్లేడో ఎక్కించి చూపించే షాపులు ఉన్నాయి. అలాంటి షాపులో ఏమీ కొనకండి, స్క్రూ కూడా.