ఒక రోజు ముందే వచ్చే ఈద్

గల్ఫ్‌లో నెలవంక సాధారణంగా మనకన్నా ఒక రోజు ముందే కనిపిస్తుంది. అందుకే హైదరాబాద్ పాతబస్తీలో చాలా ఇళ్లకు రంజాన్ పండుగ మొదట ఫోన్‌లోనే వస్తుంది. జెద్దాలోనో రియాద్‌లోనో ఉన్న కొడుకు నమాజు ముగించుకుని, కొత్త బట్టలు విప్పకుండానే వీడియో కాల్ చేస్తాడు. ఇక్కడ తల్లి ఇంకా ఉపవాసంలోనే ఉంటుంది. ‘అమ్మీ, ఈద్ ముబారక్’ అంటాడు. ఆమె దువా ఇచ్చి, ఏం తిన్నావని అడుగుతుంది. మర్నాడు పొద్దున్నే ఆమె షీర్ ఖుర్మా కాచే వేళకు అక్కడ తెల్లవారదు.

రంజాన్ నెలంతా గడప బయట ఇసకేస్తే రాలని జనం. 1591లో కట్టిన చార్మినార్ చుట్టూ, పత్థర్‌గట్టీ నుంచి లాడ్ బజార్ దాకా తెల్లవారుజామున సహర్ వేళ వరకు దుకాణాలు మూయరు. హలీం బట్టీల దగ్గర గరిటెలు ఆగవు. ఆ సందడి కిటికీలోంచి వినిపించేకొద్దీ లోపలి గది మరింత ఖాళీగా తోస్తుంది. షీర్ ఖుర్మా అసలు ఒక్కరి కోసం చేసే వంటకమే కాదు. పెద్ద డేగ్చీలో పాలు మరిగించి, ఖర్జూరం, సారపప్పు, నేతిలో వేయించిన సేమ్యా వేసి, వచ్చినవాళ్లందరికీ పోసేది. ఏళ్ల తరబడి ఇరవై మందికి కాచిన చేతికి ఒక్క గిన్నెడు కాయడం ఎలాగో తెలియదు.

ఈ ఒంటరితనానికి లెక్కలున్నాయి. 1970ల చమురు రోజుల నుంచీ పాతబస్తీ మగవాళ్లు గల్ఫ్ బాట పట్టారు. కొందరు భార్యాబిడ్డలనూ తీసుకెళ్లారు. 2017 జూలైలో సౌదీ అరేబియా, ఉద్యోగి మీద ఆధారపడిన ఒక్కొక్కరికీ నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టింది. ఏటా పెంచుతూ 2020 నాటికి దాన్ని 400 చేసింది. భార్య, ముగ్గురు పిల్లలుంటే నెలకు 1,600 రియాళ్లు! ఆ భారం మోయలేక ఎంతోమంది కుటుంబాన్ని ఊరికి పంపేసి తాము అక్కడే ఉండిపోయారు. పిల్లలకు ఈదీ డబ్బులైతే వస్తాయి, చేతిలో పెట్టే నాన్న రాడు.

లాల్ దర్వాజ బోనాలప్పుడూ ఇదే బాధ. ఆషాఢంలో అమ్మవారు ఆడబిడ్డలా పుట్టింటికి వస్తుందని నమ్మకం. అమెరికాలో ఉన్న కూతురికి మాత్రం సెలవు దొరకదు. మరోవైపు, గాజుల పనికి బిహార్ నుంచి వచ్చినవాళ్లకు పండుగంటే అమ్మకాల సీజనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం వేధిస్తోంది. ఏటా సుమారు 8,71,000 మరణాలకు దీనితో సంబంధం ఉంది. ముసలివాళ్లకే పరిమితం అనుకుంటాం గానీ, కుర్రవాళ్లలోనే ఇది ఎక్కువట.

మందు కోసం పాతబస్తీ దూరం వెళ్లనక్కర్లేదు. ఇఫ్తార్‌కు ముందు గల్లీల్లో గుడ్డ కప్పిన పళ్లేలు ఇంటింటికీ తిరుగుతాయి. దాన్ని హిస్సా అంటారు. వచ్చిన పళ్లెం ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. అందులోనే ఉంది కిటుకు. ఒంటరి మనిషికి తిండి పంపితే జాలి చూపినట్టుంటుంది. ‘ఖాలా, ఈసారి మా ఇంటి షీర్ ఖుర్మా మీరే కాచాలి’ అని అడిగితే ఆమెకు పండుగ రోజు ఒక పని దొరుకుతుంది, తన అవసరం ఉందని తెలుస్తుంది. మక్కా మసీదు ఇఫ్తార్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుంటారు. కానీ అక్కడ కనిపించేది ఎక్కువగా మగవాళ్లే. ఆడవాళ్లకు ఆ ఆసరా తక్కువ, అందుకే పొరుగింటి పిలుపు వాళ్లకు మరీ ముఖ్యం.

పిలిచేవాళ్లే లేకపోతే? దిగులు ముదిరితే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. పెద్దవాళ్ల కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉంది. నంబర్లు చదవలేని పెద్దమ్మకు పిల్లలెవరైనా వాటిని ఫోన్‌లో వేసి, ఎలా చేయాలో ఒకసారి చూపించాలి.

ఈద్ రోజు ఎలాగో గడిచిపోతుంది, ఎవరో ఒకరు వస్తారు. కష్టమంతా మర్నాడు, బాసీ ఈద్‌నాడు. కొత్త బట్టలు మడతపెట్టేశాక, గల్లీ చప్పుడు తగ్గాక, ఆ సాయంత్రం పక్కింటి పిల్ల గిన్నె తిరిగివ్వడానికి వస్తుంది. లోపల నాలుగు ఖర్జూరాలుంటాయి. ‘కూర్చో బేటీ’ అని ఖాలా స్టూల్ జరుపుతుంది.