16 ప్రదక్షిణలు, ఆరుగురు మనుషులు, 136 పేజీలు

2024 నవంబరు 12న బుకర్ బహుమతి ప్రకటించినప్పుడు న్యాయనిర్ణేతలది ఒకే మాట. పాఠకులది మాత్రం రెండు మాటలు. సమంతా హార్వీ నవల 'ఆర్బిటల్' వచనం అద్భుతమని మురిసిపోయినవాళ్లు ఒకవైపు, ఏమీ జరగని పుస్తకానికి 50 వేల పౌండ్లు ఎందుకని విసుక్కున్నవాళ్లు ఇంకోవైపు. అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు వ్యోమగాములు గడిపిన ఒక్క రోజే ఇందులోని కథాకాలం. అక్టోబరు మొదట్లో ఒక మంగళవారం. ఈ తగువులో ఎవరి మాట ఎంతవరకు నిజమో చూడాలంటే ముందు కొంచెం లెక్కలు కావాలి.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. మనం హైదరాబాద్ నుంచి విజయవాడకు నాలుగైదు గంటలు ప్రయాణించే దూరం దానికి 36 సెకన్ల పని. గంటన్నరకు ఒక చుట్టు. అంటే రోజుకు 16 సూర్యోదయాలు, 16 అస్తమయాలు. ఒక చుట్టు పూర్తయ్యేలోగా కింద భూమి కూడా 23 డిగ్రీల దాకా తిరిగిపోతుంది కాబట్టి, మళ్లీ వచ్చేసరికి కిటికీలో కనిపించే నేల వేరు.

నవల నిర్మాణమంతా ఈ లెక్కే. అధ్యాయాలకు పేర్లు లేవు, ప్రదక్షిణ సంఖ్యలే ఉన్నాయి. 136 పేజీలను 16తో భాగిస్తే చుట్టుకు ఎనిమిదిన్నర పేజీలు. ఫిలిప్పీన్స్ వైపు కదులుతున్న పెను తుఫాను ఒక చుట్టులో కనిపిస్తుంది, తర్వాత కనుమరుగవుతుంది, ఇంకోసారి వచ్చేటప్పటికి బలపడి ఉంటుంది. పియెట్రో అనే ఇటలీ వ్యోమగామికి అక్కడ ఒక జాలరి కుటుంబం తెలుసు. చూడగలడు, లెక్కలు పంపగలడు, అంతకుమించి చేయగలిగింది లేదు. కథ లేదన్నవాళ్లు ఈ నిస్సహాయతను కథగా లెక్కవేయలేదని నాకనిపిస్తుంది. ఈ ఆరుగురినీ దాటుకుని వేరే నలుగురు చంద్రుడి వైపు వెళ్తుంటారు. వీళ్లు మాత్రం ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంటారు. కక్ష్యలో తిరిగేవాడి కథకు మొదలు, మలుపు, ముగింపు కావాలని పట్టుబట్టడం సబబు కాదు.

పాత్రలు పలచగా ఉన్నాయన్న ఫిర్యాదును మాత్రం అంత తేలిగ్గా తోసిపుచ్చలేం. 136ను ఆరుతో భాగిస్తే మనిషికి 22 పేజీల పైచిలుకు. అందులోనూ సగానికి సగం భూమి వర్ణనే మింగేసినట్టుంటుంది. రష్యన్లు ఆంటన్, రోమన్. బ్రిటన్ నుంచి నెల్. అమెరికా నుంచి షాన్. వీరిలో ఆంటన్‌కు మెడ మీద ఒక గడ్డ, ఇంటి దగ్గర నిలవని కాపురం ఉన్నాయి. అయినా పుస్తకం మూసిన వారానికి రోమన్ ఏం ఆలోచించాడో, నెల్ ఏం ఆలోచించిందో విడదీసి చెప్పడం కష్టం. నిలిచిపోయేది జపాన్ అమ్మాయి చియే. ఆమె పైన ఉండగానే కింద తల్లి చనిపోతుంది. అంత్యక్రియలకు వెళ్లే దారి లేదు. అమెరికాలో ఉండి, ఊళ్లో అమ్మ చివరి చూపు వీడియో కాల్‌లోనే దక్కిన తెలుగువాళ్లకు చియే దుఃఖం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

హాస్యం కూడా ఉంది, తక్కువే అయినా. రాజకీయ గొడవల వల్ల ఎవరి దేశపు మరుగుదొడ్డి వాళ్లే వాడుకోవాలని అక్కడ నోటీసు. దాన్ని పట్టించుకునే నాథుడు లేడు.

సైన్స్ ఫిక్షన్ అభిమానుల నిరాశ వేరే రకం. గ్రహాంతరవాసి రాడు, పేలుడు జరగదు. ఊహాసాహిత్యానికిచ్చే అర్సులా కె. లెగ్విన్ బహుమతి తుదిజాబితాకు ఈ నవల చేరింది గానీ, హార్వీ దీన్ని వాస్తవిక రచనగానే భావిస్తారు. ఆ మాటలో బలముంది. 2000 నవంబరు 2 నుంచి అంతర్జాతీయ కేంద్రం ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. 270 మందికి పైగా వెళ్లొచ్చారు. తెలుగు మూలాలున్న రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు అక్కడే ఉన్నారు. కండరాలు కరిగిపోకుండా రోజుకు రెండు గంటల వ్యాయామం కూడా కల్పన కాదు. అక్కడ గురుత్వాకర్షణ లేదనుకుంటాం గానీ, నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రం, మనుషులు కలిసి ఎడతెగకుండా భూమి చుట్టూ పడిపోతూ ఉండటం వల్లే తేలుతున్నట్టుంటారు.

బుకర్ గెలిచినవాటిలో దీనికన్నా చిన్నది ఒక్కటే: 1979లో పెనెలొపి ఫిట్జ్‌గెరాల్డ్ 'ఆఫ్‌షోర్', 132 పేజీలు. కానీ చిన్న పుస్తకం కదా అని ఒక్క బిగిన చదివితే వర్ణనలు ఒకదాని మీద ఒకటి పేరుకుని మొహం మొత్తుతుంది. విసుగెత్తినవాళ్లలో చాలామంది అలా చదివినవాళ్లే అయ్యుండాలి. ఇంగ్లీషు నవలలు చదివే అలవాటుంటే రోజుకు రెండు ప్రదక్షిణలు చొప్పున చదవండి, ఎనిమిది రోజులు చాలు. బిగువైన కథ కావాలనుకుంటే మాత్రం ఈ పుస్తకం జోలికి వెళ్లకండి.