స్వీడన్ కారు – మూడు కొసల పట్టీ

'వోల్వో' అనగానే మన తెలుగునాట బస్సు జ్ఞప్తికి వస్తుంది. హైదరాబాదు నుండి బెంగుళూరుకు రాత్రి ప్రయాణాలు చేసేవారికి ఆ పేరు సుపరిచితమే. కాని ఆ పేరుకు ప్రసిద్ధి తెచ్చినది కారు. స్వీడన్ పడమటి తీరాన ఉన్న గోటెన్‌బర్గ్ నగరంలో బాల్‌బేరింగులు తయారుచేసే ఒక సంస్థ తన వద్ద ఊరక పడియున్న ఈ పేరును కొత్తగా పెట్టిన మోటారు కంపెనీకి ఇచ్చినది. లాటిన్ భాషలో దానికి 'దొర్లుచున్నాను' అని అర్థం. 1927 ఏప్రిల్ 14న మొదటి కారును బయటికి తేబోగా, గేరు వేసినంతనే అది వెనుకకు నడచినదట! బిగింపులో ఏదో తారుమారైనది. ఈ సంగతిని కంపెనీవారే నవ్వుతూ చెప్పుకొంటారు.

స్వీడన్ కార్ల భద్రతకు మూలం ఆ దేశపు ప్రకృతిలోనే ఉన్నది. శీతకాలంలో పగలు కురచ. రోడ్డు మంచుగడ్డ కట్టి అద్దంవలె జారుతుంది. దానికి తోడు అడవిలోనుండి 'మూస్' అనే మహాకాయపు దుప్పి హఠాత్తుగా దారికి అడ్డం వస్తుంది. దాని కాళ్ళు పొడవు. కారు ముందుభాగం కాళ్ళకు తగిలితే, కొన్ని వందల కిలోల దేహం ముందరి అద్దం మీద పడుతుంది. అందుచేత పైకప్పును మోసే కమ్ములు గట్టిగా ఉండక తప్పదు. విమానాల కంపెనీగా 1937లో పుట్టి, 1949 నుండి కార్లు కూడ చేసిన సాబ్ వారికీ ఇదే చింత.

ఇక వీటి ఆకర్షణ మాట. విలాసమంటే తళుకుబెళుకులనే లోకంలో ఈ కార్లు చిరకాలం ఇటుకపెట్టెలవలె ఉండేవి. అమెరికాలో వోల్వోకు 'ఇటుక' అనే ముద్దుపేరే పడింది. స్వీడన్ భాషలో 'లాగోమ్' అనే మాట ఒకటి ఉన్నది: ఎక్కువా కాదు, తక్కువా కాదు, తగినంత అని. నడుము నొప్పి పుట్టనీయని ఆసనము, లేతరంగు కర్ర పని, కంటికి శ్రమ కలిగించని అమరిక – విలాసమంటే వారికి ఇదే. దీనికి తోడు మన్నిక. న్యూయార్కు సమీపంలోని లాంగ్ ఐలండ్‌లో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు ఉపాధ్యాయుడు 1966లో కొన్న వోల్వో పి-1800 కారును 2013 నాటికి ముప్ఫై లక్షల మైళ్ళు నడిపించెను. బడిపంతులుకు ఇంతటి ఖ్యాతి తెచ్చిన కారు మరొకటి లేదేమో!

అయినను వీటన్నిటికన్న గొప్పది రెండంగుళాల వెడల్పయినా లేని ఒక పట్టీ. 1958లో వోల్వో అధిపతి గున్నార్ ఎంగెలావ్, సాబ్ విమానశాలలో పనిచేస్తున్న నిల్స్ బోలీన్ అనే ఇంజనీరును పిలిపించుకొనెను. కూలబోయే విమానంలోనుండి చోదకుణ్ణి ఆసనంతో సహా పైకి విసరివేసే యంత్రాన్ని రూపొందించిన అనుభవం ఆయనది. విమానం నడిపేవారు ప్రాణరక్షణకై ఎన్ని పట్టీలైనా కట్టించుకొంటారు గాని, కారులో కూర్చునే మనిషి ఒక్క నిమిషం అసౌకర్యాన్నీ సహించడని బోలీన్ గ్రహించెను. అప్పటి బెల్టు పొట్టమీదుగా కట్టేది. గుద్దుకొన్నప్పుడు లోపలి మెత్తని అవయవాలకు అదే హాని చేసేది. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో గోడకు కొట్టుకొనుట ఇంచుమించు పది మీటర్ల ఎత్తునుండి పడుటతో సమానమని విద్యార్థులు లెక్కకట్టి చూచుకొనవచ్చును. ఆ దెబ్బను మోయవలసినవి ఎముకలు. కనుక బోలీన్ ఒక పట్టీని భుజం మీదుగా ఛాతీకి, మరొకదానిని తొడల మొదట కటి ఎముకలకు అడ్డంగా వేసి, రెండింటినీ తుంటి ప్రక్కన క్రిందుగా కలిపెను. ఒంటి చేతితో పెట్టుకొనవచ్చును. 1959లో అది కార్లలోకి వచ్చింది.

పేటెంటు లభించినా, వోల్వో వారు ఇతర కంపెనీలను రూక అడుగలేదు, ఎవరైనా వాడుకొనవచ్చునన్నారు. పోటీదారుని ప్రాణాన్ని సైతం కాపాడే వ్యాపారం అరుదు! అయినా జనం ఒక పట్టాన ఒప్పుకొనలేదు. అప్పుడు స్వీడన్‌లో జరిగిన 28,000 ప్రమాదాలను పరిశీలించి 1967లో లెక్కలు ప్రకటించారు. బెల్టు లేనివారు తక్కువ వేగాలలోనూ మరణించగా, కట్టుకొన్నవారిలో గంటకు అరవై మైళ్ళకు లోపల ఒక్కరూ మరణించలేదు.

బిడ్డల విషయంలోనూ వారిదే ముందడుగు. వ్యోమగాములు వెల్లకిల పడుకొని ఎగురుట చూచి, బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే వైద్యుడు 1964లో వెనుకకు తిరిగి ఉండే పిల్లల ఆసనాన్ని కల్పించెను. పసివాని తల బరువు, మెడ లేత. వీపంతా దెబ్బను పంచుకొంటేనే వాడు బ్రతుకుతాడు.

కంపెనీల కథ వేరు. సాబ్ కార్ల సంస్థ 2011లో దివాలా తీసింది. వోల్వో కార్లు 1999లో అమెరికా ఫోర్డు చేతికి, 2010లో చైనాలోని జీలీ చేతికి పోయినవి. పట్టీ మాత్రం అందరిదైనది. మన వీధిలోని అతి చౌక కారులోనూ బోలీన్ పట్టీయే ఉన్నది. అయినను 2022లో మన దేశంలో బెల్టు పెట్టుకొనక మరణించినవారు 16,715 మందియని కేంద్రప్రభుత్వపు లెక్క. వారిలో సగం మంది డ్రైవర్లు కారు, ప్రక్కనో వెనుకనో కూర్చున్నవారు. వెనుక సీటులో బెల్టులు తరచు దిండ్ల క్రింద నలుగుతుంటాయి. ముందు సీటులో హెచ్చరిక మ్రోత వినబడకుండా, బెల్టు గూటిలో దూర్చే ఇనుప బిళ్ళ ఒకటి అంగళ్ళలో అమ్మకానికి వచ్చినది. దానిని కొనేవారు బేరం కూడ ఆడుతారు.